చలికి ఫోర్కు మెత్తబడిందా, బిగుసుకుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆగస్టులో డెన్వర్ వచ్చారు. 120 మిల్లీమీటర్ల ట్రావెల్ (లోపలికి దిగగల దూరం), గాలి స్ప్రింగు ఉన్న ఎయిర్ ఫోర్కుతో ఒక హార్డ్‌టెయిల్, అంటే వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ సైకిల్, సెకండ్ హ్యాండులో కొన్నారు. అక్టోబరు దాకా బ్రహ్మాండంగా నడిచింది. మొన్న పొద్దున మైనస్ 10 డిగ్రీల చలిలో గ్యారేజీలోంచి తీసి ఎక్కేసరికి ముందు భాగం ఎప్పటికన్నా కిందికి దిగిపోయింది. దిగింది కదా, మెత్తగా ఉంటుందేమో అనుకుంటే రాళ్ళ మీద కర్ర పట్టుకున్నట్టు చేతులకు కొడుతోంది. నొక్కి వదిలితే బద్ధకంగా లేస్తోంది. ఫోర్కు గొట్టాల మీద నూనె గీత కనబడుతోంది. షాపులో చూపిస్తే ఫోర్కు పోయింది, కొత్తది వేసుకోవాలి అన్నారు. కొంచెం గాలి తీస్తే మెత్తబడుతుందా అని అడిగారు.

గాలి తీయకండి. కొత్త ఫోర్కు కూడా ఇప్పుడే కొనకండి. కారణం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఒకసారి అర్థమైతే ప్రతి చలికాలం మీ బండిని మీరే సరిచేసుకోగలరు.

నేను కొలరాడోలో పదకొండు చలికాలాలు చూశాను. అందులో నాలుగు చలికాలాలు శని, ఆదివారాల్లో ఒక సైకిల్ షాపులో కూర్చుని ఫోర్కులు, షాకులు విప్పి సర్వీసు చేశాను. డిసెంబరు, జనవరిల్లో సరిగ్గా మీలాంటి ఫిర్యాదుతోనే బళ్ళు వచ్చేవి. వాటిలో నిజంగా పాడైనవి తక్కువ. ఎక్కువ వాటికి చలి తప్ప వేరే జబ్బు లేదు.

అసలు తికమక ఎక్కడంటే, చలి ఫోర్కు లోపల రెండు చోట్ల రెండు వ్యతిరేకమైన పనులు చేస్తుంది. గాలి స్ప్రింగును మెత్తబరుస్తుంది. డ్యాంపర్‌లో, అంటే ఫోర్కు కదలికను నూనెతో అదుపు చేసే భాగంలో, నూనెను చిక్కబరుస్తుంది. ఒకటి ఫోర్కును కిందికి దించుతుంది, ఇంకోటి దాన్ని కదలనివ్వదు. రెండూ కలిసి చేతికి తగిలేసరికి మనకు తెలిసేది గట్టిదనం ఒక్కటే. అందుకే చాలామంది గాలి తీస్తారు. అది సరిగ్గా తిరగేసిన మందు.

ముందు గాలి సంగతి చూద్దాం. మీ ఫోర్కులో ఒక కాలులో గాలి, రెండో కాలులో డ్యాంపర్ ఉంటాయి. గాలి గదిలో గాలి ఎక్కడికీ పోదు, కానీ చల్లబడితే దాని ఒత్తిడి తగ్గుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదివిన సూత్రమే. ఘనపరిమాణం మారనప్పుడు ఒత్తిడి, కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రత ఒకే నిష్పత్తిలో మారతాయి. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. పంపు మీటరు చూపించేది బయటి గాలి ఒత్తిడికి పైన ఎంతుందో అంతే. లెక్క వేసేటప్పుడు బయటి ఒత్తిడిని కలపాలి. సముద్రమట్టంలో అది 14.7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్‌లో సుమారు 12.1.

మీరు ఇంట్లో 21 డిగ్రీల్లో 80 పీఎస్ఐ కొట్టారనుకుందాం. లోపల నిజంగా ఉన్నది 92.1. 21 డిగ్రీలంటే 294 కెల్విన్, మైనస్ 10 అంటే 263. 92.1ని 263తో గుణించి 294తో భాగిస్తే 82.4 వస్తుంది. అందులోంచి 12.1 తీసేస్తే మీటరు మీద 70. ఒక్క బొట్టు గాలి లీకవకుండా పది పీఎస్ఐ మాయం. ఇంత లెక్క గుర్తుపెట్టుకోవడం కష్టమైతే, 80 దగ్గర నడిచే ఫోర్కుకు ప్రతి మూడు డిగ్రీల చలికి ఒక పీఎస్ఐ పోతుందనుకోండి. ఇంచుమించు సరిపోతుంది.

పది పీఎస్ఐ అంటే ఏమంత అనిపించవచ్చు. మీ 120 మిల్లీమీటర్ల ఫోర్కుకు, ఊరికే ఎక్కి పెడళ్ళ మీద నిలబడితే 20 శాతం అంటే 24 మిల్లీమీటర్లు దిగేలా సెట్ చేసి ఉంటే, ఈ చలికి అది 27 దగ్గరికి వెళుతుంది. గుంతలో పడ్డప్పుడు మిగిలే ట్రావెల్ ఆ మేరకు తగ్గుతుంది, పైగా ఉన్నదాన్ని ఫోర్కు త్వరగా వాడేస్తుంది. వెనక షాకు ఉన్న బళ్ళకు అంకెలు ఇంకా పెద్దవి. 200 పీఎస్ఐ కొట్టిన షాకు అదే చలికి 178 దగ్గరికి వస్తుంది. టైర్లు కూడా అంతే, 25 పీఎస్ఐ టైరు 21కి దిగుతుంది. టైరు మెత్తబడటం చూసి పంపు తీస్తాం గానీ, ఫోర్కు దిగడం కంటికి కనబడదు కాబట్టి దాని జోలికి పోం.

ఇక నూనె. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన భాగం, కొంచెం నిదానంగా చెబుతాను.

చలికాలంలో మన ఇళ్ళల్లో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టేవాళ్ళు, గుర్తుందా? డ్యాంపర్ నూనె అలా గడ్డకట్టదు. అది ఆముదం బాపతు. ఆముదాన్ని వేసవిలో ఒంపితే ఒక రకం, మాఘమాసం పొద్దున ఒంపితే ఇంకో రకం. పడుతుంది, కానీ తీగలా సాగుతూ పడుతుంది. సస్పెన్షన్ నూనె ఆముదమంత చిక్కన కాదు, చాలా పల్చన. అయినా మైనస్ 10 దగ్గర అది గదిలో ఉన్నప్పటి కన్నా మూడింతలు, నూనెను బట్టి ఇంకా ఎక్కువే చిక్కబడవచ్చు. మంచి నూనెలు చలికి తక్కువగా మారేలా తయారు చేస్తారు, కానీ అసలే మారని నూనె లేదు.

ఈ చిక్కదనం ఎక్కడ దెబ్బ కొడుతుందంటే సన్నటి కంతల దగ్గర. రీబౌండ్ నాబ్ (ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని మార్చేది) తిప్పినప్పుడు మీరు నిజానికి జరుపుతున్నది లోపల ఒక సూదిని. నూనె వెళ్ళే కంతను అది కొంచెం మూస్తుంది, కొంచెం తెరుస్తుంది. ఫోర్కు నెమ్మదిగా కదిలినంతసేపు నూనె ఆ కంతలోంచే పోవాలి, చిక్కబడ్డ నూనె అక్కడే ఇరుక్కుంటుంది. పెద్ద దెబ్బ తగిలి ఫోర్కు వేగంగా కదిలినప్పుడు షిమ్‌లు అనే పల్చటి స్టీలు రేకులు వంగి నూనెకు పెద్ద దారి ఇస్తాయి. అక్కడ చిక్కదనం ప్రభావం తక్కువ. కాబట్టి చలిలో ముందు చెడేది చిన్న చిన్న కదలికలు, గులకరాళ్ళు, చెట్టు వేర్లు, గడ్డకట్టిన బురదలో టైరు గుర్తులు. మీరు రాళ్ళ మీద కర్రలా ఉందన్నది ఇదే.

రీబౌండ్ బద్ధకం ఇంకా ప్రమాదం. ఒక రాయి తగిలింది, ఫోర్కు 40 మిల్లీమీటర్లు దిగింది. అది పూర్తిగా లేచేలోగా రెండో రాయి వచ్చింది, ఇంకో 30 దిగింది. మూడో రాయి వచ్చేసరికి ఫోర్కు ట్రావెల్ సగానికి పైగా లోపలే ఉండిపోయింది. ఇలా మెట్టుమెట్టుగా కిందికి కూరుకుపోతుంది. ఫోర్కు కింద ఉందంటే హ్యాండిల్ కిందికి వచ్చింది, స్టీరింగు నిటారయింది, మీ బరువు ముందు చక్రం మీదికి పోయింది. అటువంటప్పుడు ముందు బ్రేకు నొక్కితే ఏమవుతుందో నాకు స్వయంగా తెలుసు.

నా మూడో చలికాలంలో లేక్‌వుడ్ దగ్గర గ్రీన్ మౌంటెన్ మీదికి జనవరిలో పొద్దున ఏడింటికి వెళ్ళాను. ఇక్కడ చలికాలంలో మట్టి దారుల మీద నేల గడ్డకట్టి ఉన్నప్పుడే తొక్కాలి, ఎండ వచ్చి కరిగాక తొక్కితే టైర్లు దారిని దున్నేస్తాయి. అందుకే తెలిసినవాళ్ళు చలిని భరించి పొద్దున్నే పోతారు. ఆ రోజు ఫోర్కు గట్టిగా ఉందనిపించి, దారి పక్కన ఆగి వాల్వు నొక్కి పది పీఎస్ఐ దాకా గాలి వదిలేశాను. రెండు నిమిషాలు హాయిగా అనిపించింది. దిగేటప్పుడు నీళ్ళు మళ్ళించడానికి అడ్డంగా కట్టిన గట్లు వరసగా నాలుగు వచ్చాయి. మొదటి రెండింటికే ఫోర్కు కిందికి పోయింది. మూడో దానికి ఠక్కున అడుగుకు కొట్టుకుంది. నాలుగో దాని మీద నేను హ్యాండిల్ దాటి ముందుకు పడ్డాను. మణికట్టు బెణికి నెల రోజులు కీబోర్డు మీద చెయ్యి పెట్టలేకపోయాను. అప్పటికే చలికి పది పీఎస్ఐ పోయి ఉంది, దాని మీద నేను ఇంకో పది తీశాను. నూనె చిక్కబడితే నూనె వైపు సరిచేయాలి గానీ గాలి వైపు కాదని ఆ రోజే అర్థమైంది. గాలి తీయకండి అని మీకు మొదటి మాటగా చెప్పడానికి కారణం అదే.

మూడోది రబ్బరు. ఫోర్కు లోపల ఓ-రింగులు, బయట దుమ్ము ఆపే సీళ్ళు ఎక్కువగా నైట్రైల్ రబ్బరువి. చలికి రబ్బరు బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన పెదవి గొట్టాన్ని అంటిపెట్టుకుని సాగదు, గీరుకుంటూ పోతుంది. అందుకే మొదటి పది నిమిషాలు ఫోర్కు కదలడానికి మొరాయించి, తర్వాత కొంచెం దారికి వస్తుంది. సీలు వెనక రాసిన గ్రీజు కూడా చలికి పేరిన నెయ్యిలా ఉంటుంది, కదిలేకొద్దీ మెత్తబడుతుంది. మైనస్ 20 దాటాక కొన్ని ఓ-రింగులు కాస్త గాలి వదిలేయడం కూడా చూశాను. ఇంట్లోకి తెచ్చాక మళ్ళీ బాగానే పట్టుకుంటాయి.

మీరు చెప్పిన నూనె గీత గురించి ఒక్క మాట. సన్నగా, వేలితో తుడిస్తే పోయేంత గీత ఉంటే భయపడక్కర్లేదు. సీలు కింద నూనెలో నానిన స్పాంజి ఉంగరం ఒకటి ఉంటుంది, అది గొట్టాన్ని తడుపుతుంది, ఆ తడి కొంచెం పైకి వస్తుంది. తుడిచాక ఒక్క రైడులోనే మళ్ళీ చారలు కట్టి కిందికి కారుతుంటే, లేదా బండి నిలబెట్టిన చోట నేల మీద చుక్కలు పడుతుంటే అది లీకు. అప్పుడు కూడా మార్చాల్సింది సీళ్ళను, ఫోర్కును కాదు.

కొందరు చెప్పే ఇంకో కారణం ఉంది, చలికి లోహం ముడుచుకుని గొట్టాలు బిగుసుకుంటాయని. లెక్క చూద్దాం. కింది భాగం మెగ్నీషియం, పై గొట్టాలు అల్యూమినియం. 34 మిల్లీమీటర్ల గొట్టానికి 31 డిగ్రీల తేడా వస్తే మెగ్నీషియం సుమారు 0.027 మిల్లీమీటర్లు, అల్యూమినియం 0.024 ముడుచుకుంటాయి. రెంటికీ తేడా 0.003. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా లేదు. గొట్టాలు జారే బుషింగుల్లో వదిలే ఖాళీ దీనికి ఎన్నో రెట్లు. మిగతా ఫోర్కు బాగున్నప్పుడు దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

మరి ఫోర్కు పాడైందా, లేక ఇది చలి వల్లేనా అన్నది తేల్చుకోవడం ఎలా? దీనికి డబ్బు ఖర్చు లేదు. బండిని ఒక రాత్రి ఇంట్లో పెట్టండి. పొద్దున గదిలోనే గాలి కొలిచి, మీరు అక్టోబరులో వాడిన అంకెకు సరిచేసి, హ్యాండిల్ మీద బరువు వేసి పదిసార్లు నొక్కి వదలండి. మామూలుగా లేచిందంటే అది చలి. అలాగే బద్ధకంగా ఉంటే, లేదా లోపల గుడగుడమని గాలి కలిసిన నూనె చప్పుడు వస్తే, డ్యాంపర్ సర్వీసు కావాలి. కొలిచినప్పుడు గాలి లెక్కకు మించి పోయి ఉంటే, అంటే 80 ఉండాల్సింది గది వేడిలో కూడా 60కి వచ్చిందంటే, గాలి వైపు ఓ-రింగు పోయింది. షాపులో ఈ చిన్న పరీక్ష చేయకుండా ఫోర్కు పోయిందని చెప్పడం నాకు సబబుగా అనిపించలేదు. చల్లటి ఫోర్కును నొక్కి చూసి తీర్పు చెప్పకూడదు.

ఇప్పుడు సరిచేసుకోవడం. బండిని, షాక్ పంపును కూడా తొక్కబోయే చలిలో ఒక గంట వదిలేయండి. ఇంట్లో కొట్టి బయటికి తీసుకెళితే పై లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. మీరు కూడా చలికాలం బట్టలన్నీ వేసుకుని, బూట్లు, బ్యాగు, నీళ్ళతో సహా సిద్ధమవ్వండి. ఆ మూటంతా కలిపి రెండు మూడు కిలోలు సులువుగా ఉంటుంది, వేసవిలో మీరు కొలిచిన బరువు అది కాదు. తర్వాత పంపు తగిలించండి. తగిలించగానే మీటరు మీరు అనుకున్న దానికన్నా తక్కువ చూపిస్తే కంగారుపడకండి, ఫోర్కులోని గాలి కొంత పంపు గొట్టంలోకి వచ్చింది, అంతే. తీసేటప్పుడు వచ్చే బుస్సుమన్న చప్పుడు గొట్టంలోని గాలిది, ఫోర్కుది కాదు. ఇది తెలియక తీయడం, తగిలించడం మళ్ళీ మళ్ళీ చేసి ప్రతిసారీ కొన్ని పీఎస్ఐలు పోగొట్టుకునేవాళ్ళను చాలామందిని చూశాను.

ఐదేసి పీఎస్ఐ పెంచుతూ, మధ్యలో ఫోర్కును నెమ్మదిగా పది సార్లు నొక్కండి. ఇప్పటి ఫోర్కుల్లో పైన ఒక గాలి గది, కింద చిన్న గాలి గది ఉంటాయి. నొక్కినప్పుడు మధ్యలో ఉన్న దారి గుండా రెండూ సమమవుతాయి. నొక్కకుండా వదిలేస్తే మీటరు ఒకటి చెబుతుంది, ఫోర్కు ఇంకోలా నడుస్తుంది. గొట్టం మీద ఉన్న రబ్బరు ఉంగరాన్ని సీలు దాకా జరిపి, గోడ పట్టుకుని మెల్లగా ఎక్కి, రెండు పెడళ్ళ మీద నిలబడి, మెల్లగా దిగి కొలవండి. 24 మిల్లీమీటర్లు వచ్చేదాకా గాలి పెంచండి. మీటరు అంకె కన్నా ఈ మిల్లీమీటర్లనే నమ్మండి.

గాలి సరయ్యాక నాబ్‌ల దగ్గరికి రండి. రీబౌండ్ నాబ్‌ను ముందు పూర్తిగా మూసేదాకా తిప్పుతూ ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టండి. ఆ అంకె ఫోన్లో రాసుకోండి. మళ్ళీ పాత చోటికి తెచ్చి, అక్కడినుంచి రెండు క్లిక్కులు వేగం వైపు తెరవండి. మైనస్ 10 దగ్గర నా బండికి మూడు పడతాయి. ఫోర్కు దిగే వేగాన్ని మార్చే కంప్రెషన్ నాబ్ ఉంటే పూర్తిగా తెరిచేయండి, చిక్కబడ్డ నూనె ఆ పని తనే చేస్తోంది. ఫోర్కును కదలకుండా బిగించే లాకౌట్ మాత్రం చలిలో వాడొద్దు. అసలే నూనె కదలనంటోంది, దాని దారి మూసి పెద్ద రాయికి కొడితే సీళ్ళ మీద, మీ చేతుల మీద పడే భారం ఎక్కువ.

డెన్వర్‌లో ఉన్న పెద్ద చిక్కు ఏమిటంటే చలి రోజంతా ఒకేలా ఉండదు. పొద్దున మైనస్ 10 ఉన్న రోజే మధ్యాహ్నం ఎండకు 12 డిగ్రీలు ఉంటుంది. కొండల మీదినుంచి చినూక్ అనే వెచ్చటి గాలి వీచిందంటే గంటల్లోనే మారిపోతుంది. పొద్దున చలిలో 80 కొట్టిన ఫోర్కు, మధ్యాహ్నానికి గాలి కొట్టకుండానే 88 చూపిస్తుంది. ఆ పాటికి నూనె కూడా పల్చబడి, మీరు తెరిచిన మూడు క్లిక్కుల వల్ల ఫోర్కు ఎగిరెగిరి పడుతుంది. కాబట్టి పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నం దాకా తొక్కేవాళ్ళు బ్యాగులో చిన్న షాక్ పంపు పెట్టుకోవాలి. రెండు గంటల్లో తిరిగొచ్చేస్తే అవసరం లేదు. చలిలో కొట్టిన బండిని ఇంట్లోకి తెస్తే 91 దాకా పెరుగుతుంది, దానికేమీ కాదు. ఫోర్కు కాలు మీద అచ్చేసిన గరిష్ఠ అంకె దాటకుండా చూసుకుంటే చాలు.

నూనె మార్చి పల్చటిది వేయించాలా అని కొందరు అడుగుతారు. చలికాలమంతా మైనస్ 15, 20లో తొక్కేవాళ్ళకు అర్థం ఉంది. మీకు అక్కర్లేదు. ఒకవేళ వేయించినా, డబ్బా మీద 5 వెయిట్, 7 వెయిట్ అని ఉన్నదాన్ని బట్టి కొనకండి. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 5తో సమానం కాదు. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం సెంటీస్టోక్‌లలో ఎంతో చూసి పోల్చాలి. డ్యాంపర్‌లో నూనె వేరు, కింది కాళ్ళలో గొట్టాలను తడపడానికి పోసే కొద్దిపాటి నూనె వేరు, అవి కలపకూడదు.

అసలు చలికాలంలో ఫోర్కులను చంపేది చలి కన్నా నీళ్ళు, ఉప్పు. కొలరాడోలో రోడ్ల మీద మంచు కరగడానికి మెగ్నీషియం క్లోరైడ్ చల్లుతారు. ఆ తడి టైరు మీదినుంచి ఎగిరి ఫోర్కు మీద పడి ఆరి తెల్లటి పొడిలా ఉంటుంది. ఒక ఫిబ్రవరిలో షాపుకు ఒక బండి వచ్చింది, రోజూ ఆఫీసుకు తొక్కేవాళ్ళది. కింది బోల్టులు వదులు చేసి ప్లాస్టిక్ సుత్తితో తట్టగానే కాలులోంచి నూనె బదులు చిక్కటి పాల టీ రంగు ద్రవం ట్రేలో పడింది. నూనె, నీళ్ళు చిలికినట్టు కలిసిపోయాయి. స్పాంజి ఉంగరం వేళ్ళతో పిండితే బూడిద రంగు ఇసుక వచ్చింది, నూనె చుక్క రాలేదు. ఆ బండి ఆయన కూడా ఫోర్కు చలికి బిగుసుకుంటోందనే తెచ్చాడు. అది చలి కాదు. సీలు పెదవి దగ్గర నీళ్ళు నిలిచి, రాత్రి గ్యారేజీలో గడ్డకట్టి, పొద్దున మొదటి కదలికకే ఆ మంచు పెదవిని చీల్చింది. తర్వాత ప్రతి తడీ లోపలికే పోయింది. శుభ్రం చేసి, కొత్త సీళ్ళు, కొత్త నూనె వేసేసరికి ఫోర్కు మళ్ళీ మామూలుగా అయింది. అదృష్టం కొద్దీ గొట్టాల పూత చెడలేదు.

అందుకే తొక్కి వచ్చాక తడిగుడ్డతో ఉప్పు తుడిచి, పొడిగుడ్డతో సీలు చుట్టూ ఆరబెట్టండి. బలంగా చిమ్మే నీళ్ళ పైపు సీళ్ళ వైపు తిప్పొద్దు. మంచు పట్టిందని మరుగుతున్న నీళ్ళు పోయొద్దు. తుప్పు వదిలించే స్ప్రేలు గొట్టాల మీద కొట్టొద్దు, సీలు కింది గ్రీజును అవి కడిగేస్తాయి. కింది కాళ్ళ సర్వీసు కొన్ని ఫోర్కులకు 50 గంటలకు, కొన్నింటికి 125 గంటలకు అని మాన్యువల్ చెబుతుంది. తడి చలికాలంలో తొక్కేవాళ్ళు అంతవరకు ఆగకూడదని నా అభిప్రాయం. మీది సెకండ్ హ్యాండ్, ఎప్పుడు చేయించారో తెలియదు కాబట్టి ఎటూ ఒకసారి చేయించండి. కొత్త ఫోర్కు ఖర్చులో అది చిన్న భాగం.

స్టీలు స్ప్రింగు ఉన్న ఫోర్కు కొనుక్కుంటే గొడవ వదులుతుందా అంటే, సగం వదులుతుంది. 30 డిగ్రీల తేడాకు స్టీలు స్ప్రింగు ఒక శాతం అటూ ఇటూ కూడా మారదు. కానీ డ్యాంపర్‌లో అదే నూనె. చలికి కిందికి దిగిపోవడం ఉండదు, బద్ధకం ఉంటుంది. బరువు కూడా ఎక్కువ. రబ్బరులాంటి ఎలాస్టోమర్ ముక్కలతో నడిచే ఫోర్కులకు చలి ఇంకా పెద్ద శత్రువు. తొంభైల మొదట్లో డగ్ బ్రాడ్‌బరీ ఇదే కొలరాడోలో మొదలుపెట్టిన మానిటూ ఫోర్కుల్లో స్ప్రింగులు అవే. తేలిక, సులువు, నూనె గొడవ లేదు. కానీ ఎలాస్టోమర్ చలికి గట్టిపడి రాయిలా అవుతుంది. కాలక్రమంలో మంచి ఫోర్కులన్నీ గాలికి, స్టీలుకు మారడానికి అదొక కారణం. ఇప్పటికీ కొన్ని సస్పెన్షన్ సీట్‌పోస్టుల్లో ఎలాస్టోమర్ ఉంటుంది, మీ దగ్గర అలాంటిది ఉంటే చలికాలానికి ఒక మెట్టు మెత్తటి ముక్క వేసుకోండి. సీటు పైకి, కిందికి జరిపే డ్రాపర్ పోస్టు చలికి నిదానంగా లేవడం కూడా ఇదే కుటుంబం, విడిగా జబ్బు కాదు.

మైనస్ 20 కింద రోజూ మంచులో తొక్కేవాళ్ళు చాలామంది అసలు సస్పెన్షన్ లేని ఫోర్కు, నాలుగైదు అంగుళాల లావు టైరు ఉన్న ఫ్యాట్ బైకు వాడతారు. తక్కువ గాలితో ఉన్న ఆ టైరే వాళ్ళ సస్పెన్షన్. నాకు అది సరైన దారి అనిపిస్తుంది. ఐస్‌లాండ్ కంపెనీ లాఫ్ చేసే ఫోర్కులో గాలీ లేదు, నూనె కూడా లేదు, ఫైబర్ పట్టీలు వంగి స్ప్రింగులా పనిచేస్తాయి. చలికి అది పెద్దగా పట్టించుకోదు, కాకపోతే డ్యాంపర్ లేదు కాబట్టి వేగంగా కొండ దిగేవాళ్ళకు సరిపోదు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకు ఇదంతా ఎందుకు అనిపించవచ్చు. విశాఖలో 27 డిగ్రీల్లో 80 కొట్టి బండిని కారెక్కించి, తెల్లవారుజామున లంబసింగిలో 3 డిగ్రీల్లో దించితే మీటరు 74 చూపిస్తుంది. ఇంకా తగ్గేది, కానీ వెయ్యి మీటర్ల ఎత్తులో బయటి గాలి పల్చబడటం వల్ల మీటరు మీద రెండు పీఎస్ఐల దాకా తిరిగొస్తుంది. తేడా చిన్నదే, ఒక క్లిక్కు రీబౌండ్ తెరిస్తే చాలు. కానీ అక్కడ పొగమంచు తడి ఉంటుంది, తిరిగొచ్చాక సీళ్ళు తుడవడం మానొద్దు.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. ఈ రాత్రి బండిని హాల్లో పెట్టండి. చల్లటి బండి వెచ్చటి గదిలోకి రాగానే చెమట పట్టినట్టు తడి చేరుతుంది, అరగంట తర్వాత ఒకసారి తుడవండి. పొద్దున గాలి ఎంతుందో, ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో, రీబౌండ్ మూసినదగ్గర్నుంచి ఎన్ని క్లిక్కుల్లో ఉందో రాయండి. గొట్టాలు తుడిచి, ఒక రైడు తర్వాత ఆ నూనె గీత ఫోటో కూడా పెట్టండి. ఆ మూడు అంకెలూ, ఫోటో ఉంటే సీళ్ళు మార్చాలా అక్కర్లేదా అన్నది నేను ఇక్కడినుంచే చెప్పగలను.